కట్టెల గురించి రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. టెక్సస్‌లో ఆస్టిన్ వైపు పెరట్లో స్మోకర్ (కట్టెల పొగతో మాంసం వండే పొయ్యి) పెట్టుకున్న మనవాళ్లకు ఇలాంటిది తెలుగులో దొరకాలి. మాంసానికి పట్టించే మసాలా, మంట అదుపు గురించి రాసిన పేరాలు బాగా కుదిరాయి, వాటి జోలికి పోను. కట్టెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘పచ్చి కట్టెను ఆరు నెలలు ఆరబెట్టి వాడాలి’ అని ఒక్క వాక్యంతో తేల్చేశావు. నా బెంగంతా ఆ వాక్యం గురించే.

అది చదివి ఎవరో ఒకాయన గాలివానకు పడిపోయిన ఓక్ చెట్టును కోయిస్తాడు. దుంగలను దుంగలుగానే గోడవార పేర్చి, ఆరు నెలలు లెక్కపెట్టి నిప్పు పెడతాడు. లోపలి చేవ అప్పటికీ తడిగానే ఉంటుంది. తెల్లటి దట్టమైన పొగ కమ్ముకుని, అంతసేపు కష్టపడి వండిన మాంసం చేదెక్కుతుంది. తనకు వంట చేతకాలేదనుకుంటాడు పాపం. అతనికి సరైన మాట చెప్పాల్సింది మనం.

ఎన్నాళ్లు ఆరబెట్టాలో చెప్పేముందు ఎప్పుడు చీల్చాలో చెప్పు. చెట్టు కోసిన రోజే చీల్చేయాలి, కుదరకపోతే ఆ వారంలోనైనా. ఎందుకో కూడా అక్కడే రాయి, కారణం తెలిస్తే పాఠకుడు బద్ధకించడు. చెట్టు బతికున్నన్నాళ్లూ నీళ్లు దాని నారల వెంటే కింది నుంచి పైకి నడుస్తాయి. కోశాక కూడా తేమ అదే దారి పట్టి కోసిన కొసల నుంచి తొందరగా పోతుంది. పక్కల నుంచి పోయేది చాలా తక్కువ, బెరడు ఉన్నచోట మరీ తక్కువ. ఒంట్లో నీరు ఆరిపోకుండా చెట్టు కప్పుకున్న తొడుగే కదా అది! చీలిస్తే లోపలి భాగానికి నేరుగా గాలి తగులుతుంది, తేమ బయటికి రావాల్సిన దూరం తగ్గుతుంది. పైగా ఓక్ పచ్చిగా ఉన్నప్పుడే గొడ్డలికి తేలిగ్గా లొంగుతుంది. ఎండాక ముడులున్న దుంగను చీల్చబోతే భుజాలు పడిపోతాయి. చిన్న స్మోకర్‌కైతే మణికట్టంత లావు ముక్కలు చాలు.

చెట్టు పేరు చెప్పకుండా నెలల లెక్క ఎప్పుడూ రాయకు. లాక్‌హార్ట్ చుట్టుపక్కల, టెక్సస్ నడిమి ప్రాంతంలో మాంసం వండే పొగ పొయ్యిల్లో ఎక్కువగా కాల్చేది పోస్ట్ ఓక్. అది తెల్ల ఓక్‌ల గుంపులోది. ఆ గుంపు చెట్లు ముదిరేకొద్దీ చేవలోని నీటి నాళాలను సన్నటి పొరలతో మూసేసుకుంటాయి. విస్కీ పీపాలు తెల్ల ఓక్‌తో చేసేది అందుకే, ద్రవం బయటికి కారదు. కట్టెలు ఆరబెట్టుకునేవాడికి ఆ గుణమే ఆలస్యం తెచ్చిపెడుతుంది. సన్నగా చీల్చి, ఎండా గాలీ తగిలేలా పేర్చినా ఒక వేసవి పూర్తిగా గడవాలి. లావు ముక్కలకు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

ఇక అంకెలు. కట్టెలో తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ చూపించే శాతం పూర్తిగా ఎండిన కట్టె బరువు మీద కట్టిన లెక్క. 80 శాతం అంటే కిలో ఎండు కట్టెకు 800 గ్రాముల నీరు ఉన్నట్టు. ఆ నీరంతా ఆవిరయ్యేదాకా మంటలోని వేడిని తాగేస్తుంది. మంట చల్లబడితే కట్టె నుంచి వచ్చే వాయువులు పూర్తిగా కాలవు, చేదు అక్కడే పుడుతుంది. వంటకు 15 నుంచి 20 శాతం మధ్య తేమ ఉంటే బాగుంటుంది. బట్టీలో మరీ ఎండగొట్టిన కట్టె భగ్గుమని మండి అయిపోతుంది, వేడి మన అదుపులో ఉండదు. ఇది కూడా రాయి, ఎంత ఎండితే అంత మంచిదని చాలామంది అనుకుంటారు.

కట్టె ఎండిందో లేదో చూసే పద్ధతికి వ్యాసంలో ఎక్కువ చోటివ్వు. మీటరు సూదులు కొసలో గుచ్చి చూడటం దండగ, కొస ఎప్పుడూ ముందే ఎండుతుంది. ఒక ముక్క తీసి మళ్లీ చీల్చి, అప్పుడే తెరుచుకున్న ముఖం మధ్యలో గుచ్చాలి. మీటరు లేకపోతే ఆ ముఖాన్నే చెంపకు ఆనించి చూడమను. తేమ ఉంటే చల్లగా తగులుతుంది. రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొడితే పచ్చివి దబ్‌మంటాయి, ఎండినవి టంగుమంటాయి. కొసల్లో పగుళ్లు కనిపించగానే ఎండిపోయిందని నమ్మేయొద్దని గట్టిగా చెప్పు, నడుమ ఇంకా తడి ఉండొచ్చు. నాకు అన్నిటికంటే నమ్మకమైనది తూకం. ఒక ముక్కకు సుద్దతో గుర్తు పెట్టి వారం వారం తూచితే మొదట్లో బరువు గబగబా తగ్గి, తర్వాత నెమ్మదిస్తుంది. తగ్గడం దాదాపు ఆగిపోతే ఎండినట్టే.

పేర్చడం గురించి రెండు మాటలు చాలు. నేలకు తగలనివ్వకూడదు, పైన కప్పి పక్కలు వదిలేయాలి. టార్పాలిన్‌తో నాలుగు వైపులా చుట్టేస్తే ఆవిరి లోపలే చిక్కి బూజు పడుతుంది.

మెస్కీట్ గురించి రాసినచోట అది మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమని ఒక్క మాట చేర్చు. ఊళ్లో ఆ ముల్లు గుచ్చుకున్నవాళ్లకు, ఆ నిప్పుల వేడి ఎరిగినవాళ్లకు ఇంకేమీ వివరించక్కర్లేదు. మెస్కీట్ పొగ ఘాటు. గంటల తరబడి ఉడకాల్సిన పెద్ద ముక్కలకంటే, నిప్పులు చేసుకుని త్వరగా కాల్చేవాటికి నయం.

నువ్వు పూర్తిగా వదిలేసింది ఓక్ విల్ట్. ఇది ఒక శిలీంధ్రం తెచ్చే జబ్బు, టెక్సస్‌లో ఎన్నో ఓక్ చెట్లను చంపింది. తాజా గాయాల మీద వాలే చిన్న పురుగుల ద్వారా కొత్త చెట్లకు అంటుకుంటుంది, పక్కపక్క చెట్లకు వేళ్ల గుండా పాకుతుంది. అందుకే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కొట్టొద్దని టెక్సస్ ఏ అండ్ ఎం ఫారెస్ట్ సర్వీస్ చెబుతోంది. ఎప్పుడు కొట్టినా కోసిన చోట వెంటనే పెయింట్ వేయాలి. జబ్బుతో చచ్చిన ఎర్ర ఓక్ కట్టెలను పచ్చిగా ఉండగా ఇంకో ఊరికి తీసుకెళ్లకూడదు, ఆరోగ్యంగా ఉన్న ఓక్‌ల పక్కన పేర్చకూడదు. ఈ పేరాను చివర్లో పడేయకు, గొడ్డలి మాట రాకముందే రావాలి.

దీన్ని మార్చి రాయడానికి తొందరపడకు. ముందు నాలుగు ముక్కలు చీల్చి, తూచి, బరువులు రాసి పెట్టుకో. రెండో ప్రతితో పాటు ఆ బరువుల పట్టిక కూడా పంపు, పక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
అక్క