మెథనాల్ పంపు ఆగకుండా నడుస్తున్నా గ్యాస్ లైన్‌లో హైడ్రేట్ ఎందుకు కడుతోంది?

హైడ్రేట్ అంటే నీరూ గ్యాసూ కలిసి కట్టే మంచులాంటి గడ్డ. అది కట్టకుండా పోసే మెథనాల్ పనిచేయట్లేదేమో అని మీ అనుమానం. పనిచేస్తూనే ఉంటుంది, చాలట్లేదంతే. నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను.

ఒక రాత్రి షిఫ్టులో లైన్ రెండు చివర్ల మధ్య ప్రెషర్ తేడా పెరుగుతూ, ఉన్నట్టుండి పడిపోతూ, మళ్లీ పెరుగుతోంది. పంపు సెట్టింగ్ చూస్తే రోజూ ఉన్నట్టే ఉంది. నేను చూడనిది నీళ్లు! బావి నుంచి వచ్చే నీరు ఆ వారం దాదాపు రెట్టింపైంది, డోసు మాత్రం పాతదే. ప్రెషర్ పూర్తిగా దించి ఫిల్టర్ తెరిస్తే మురికి మంచులాంటి ముద్ద. ట్రేలో వేయగానే చిటపటలాడింది. ఒక ఘనమీటరు హైడ్రేట్‌లో 160 ఘనమీటర్లకు పైగా గ్యాస్ ఇరుక్కుని ఉంటుంది మరి.

ఇది కట్టడానికి సున్నా డిగ్రీలు అక్కర్లేదు. 40 బార్ దగ్గర ఉత్త మీథేన్ అయినా 4 డిగ్రీలకే కడుతుంది. మెథనాల్ నీటిలో కలిసి ఆ ఉష్ణోగ్రత హద్దును కిందికి దించుతుంది. నీటిలో బరువు ప్రకారం 20 శాతం ఉంటే సుమారు 10 డిగ్రీలు దిగుతుంది. అందుకే డోసు లెక్క గ్యాస్‌ని బట్టి కాదు, నీటిని బట్టి వేయాలి. పైగా మెథనాల్ కొంత ఆవిరై గ్యాస్‌తో పోతుంది, అదీ కలుపుకోవాలి. మెథనాల్ బదులు గ్లైకాల్ పోస్తే ఈ బెడద తక్కువ, మరిగించి మళ్లీ వాడుకోవచ్చు కూడా. కానీ అంతే ఫలితానికి ఎక్కువ పోయాలి.

పీవీకాప్ లాంటి పాలిమర్ల దారి వేరు. అవి హద్దును కదపవు, స్ఫటికం మొదలవడాన్ని ఆలస్యం చేస్తాయి. ఒకటి రెండు శాతం చాలు కాబట్టి అందరికీ ముచ్చటే. అయితే లైన్ చాలాసేపు ఆగిపోయినా, చలి మరీ ముదిరినా వాటిని నమ్ముకోలేం. ముద్ద కట్టకుండా చూసే యాంటీ అగ్లోమరెంట్లు సాధారణంగా లైన్‌లో నూనె కూడా ఉన్నచోటికే పనికొస్తాయి.

లైన్ ఇప్పటికే మూసుకుపోయి ఉంటే ఒక్క వైపే ప్రెషర్ దించకండి. ప్లగ్, అంటే అడ్డుపడిన ఆ గడ్డ, ఊడి తూటాలా దూసుకొస్తుంది. మధ్యలో వేడి పెట్టడమూ వద్దు, విడుదలైన గ్యాస్ పోయే దారి లేక పైపు పగలొచ్చు.

ఇంకోటి, మెథనాల్ పడే చోటు చోక్ వాల్వ్‌కు (గ్యాస్ ప్రెషర్ తగ్గించే వాల్వ్) ముందుందో తర్వాతుందో చూడండి. గ్యాస్ చల్లబడేది అక్కడే. మాది తర్వాత ఉండేది.