పూజారి లేని వేళ: జాషువా గారి మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారు హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు హార్మోనియం ముందేసుకుని పాడేవారు. అవి రాసింది ఒక క్రైస్తవ కవి అని ఈ మధ్యనే ఎవరో అన్నారు, నిజమేనా అండీ?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమేనండీ. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, కానీ కాటిసీన్లో జనం వన్స్‌మోర్ కొట్టించుకునే పద్యాలు చాలావరకు గుర్రం జాషువా గారి 'శ్మశానవాటి' ఖండికలోవి, నటులు వాటిని పట్టుకెళ్ళి నాటకంలో కలుపుకున్నారు. 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మనిషి రాసిన పద్యాలు ఊరూరా హరిశ్చంద్రుడి నోట తెల్లారేదాకా మోగాయి, వినేవాళ్ళలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో గానీ పద్యం మాత్రం అందరికీ కంఠతా. నాన్నగారు పాడినవాటిలో ఒకటుంటుంది చూడండి, ఇక్కడ అస్పృశ్యత తిరగడానికి చోటే లేదు అని మొదలయ్యేది, దాని గురించి కింద ఇంకో జవాబులో రాశాను, అది కూడా చదవండి.

ప్రశ్న: సర్, నేను తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాను. జాషువా కవిత్వంలో క్రైస్తవ విశ్వాసం అనే టాపిక్ తీసుకున్నాను. 'క్రీస్తు చరిత్ర' ఒక్కటి తీసుకుని రాసెయ్ సరిపోతుంది అంటున్నారు మా గైడ్ గారు. ఫ్రెండ్స్ ఏమో ఆయన మొర పెట్టుకున్నదే శివుడికి కదా, ఇంక క్రైస్తవం ఎక్కడుంది, టాపిక్ మార్చుకో అంటున్నారు. ఎటూ తేలడం లేదు.
– ఒక పరిశోధక విద్యార్థిని, గుంటూరు

జవాబు: టాపిక్ మార్చకు తల్లీ. గైడ్ గారి మాట సగం ఒప్పుకుంటా. 'క్రీస్తు చరిత్ర' పెద్ద కావ్యం, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది, అది లేకుండా నీ థీసిస్ నిలబడదు. కానీ అందులో క్రీస్తు ఉంటాడని పుస్తకం అట్ట చూస్తేనే తెలుస్తుంది కదమ్మా, దానికి పీహెచ్‌డీ ఎందుకు? పేరు చెప్పని చోట విశ్వాసం ఎలా పనిచేసింది అన్నది వెతుకు, అప్పుడే నువ్వు కొత్తగా ఒక మాట చెప్పగలుగుతావు.

'గబ్బిలం' సంగతే చూడు. 1941లో వచ్చింది. కాళిదాసు 'మేఘదూతం'లో యక్షుడికి కబురు మోయడానికి మేఘం దొరికింది, ఇక్కడ చెప్పులు కుట్టుకునే అరుంధతీ సుతుడికి, అంటే ఈ కావ్యంలోని అంటరాని కులపు నాయకుడికి, గబ్బిలం దొరికింది, ఎవరింట్లో దూరినా అపశకునం అని తరిమేసే పిట్ట. అతను దానితో ఏమంటాడు? గుళ్ళో తలకిందులుగా వేలాడేటప్పుడు శివుడి చెవి నీకు కాస్త దగ్గరగా ఉంటుంది, పూజారి లేని వేళ చూసి నా బతుకు కథ విన్నవించు అంటాడు. ఆ 'పూజారి లేని వేళ' అన్న మాట దగ్గర ఒక రోజంతా కూర్చోవచ్చు. మనిషికి ప్రవేశం లేని గుళ్ళోకి గబ్బిలం వెళ్తుంది, దాన్ని ఆపేవాడు లేడు, కానీ అది చెప్పే మాటకి అడ్డుపడేవాడు ఒకడున్నాడు, వాడు లేని టైము చూసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1939లో, మధుర మీనాక్షి గుడి తలుపులు తెరిచింది ఆ ఏడాదే, అంటే ఈ పద్యం ఆ గొడవ వేడి చల్లారకముందే పుట్టింది. మరి మనిషికీ దేవుడికీ మధ్య ఇంకొకడు నిలబడకూడదు అన్న పట్టుదల జాషువాకి ఎక్కడినుంచి వచ్చింది? గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ళ టీచర్ ట్రైనింగ్ స్కూల్లో పదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి ఆయన, ఆ మిషన్ పేరు ఎవరిదో ఆ మార్టిన్ లూథర్ పోప్ మీద తిరగబడిందే ఆ మాట మీద. నేను ఇదే కారణం అని తేల్చి చెప్పడం లేదు, చిన్నప్పటినుంచి కులం పేరుతో పడ్డ దెబ్బలే చాలు ఆ మాట పుట్టడానికి. కానీ ఆ రెండూ ఒకే మనసులో ఉన్నాయని గుర్తుపెట్టుకుని చదివితే శివుడికి పంపాడు కాబట్టి క్రైస్తవం లేదు అన్న వాదన పలచబడిపోతుంది. పైగా ఫిర్యాదు ఇచ్చేవాడు ఎవరి ఊళ్ళో అన్యాయం జరిగిందో ఆ ఊరి పెద్ద దగ్గరికే వెళ్తాడు. ఏ దేవుడి పేరు చెప్పి తనని బయట నిలబెట్టారో ఆ దేవుడినే అడగాలి, కర్మ అంటే ఏమిటి, దానికి నా మీద ఈ కక్ష ఏమిటి, రుజువు చేయించు అని. క్రీస్తుని అడిగితే ఆ ప్రశ్నకి పదునుండదు.

ఇప్పుడు శ్మశానవాటి పద్యం. అస్పృశ్యతకి ఇక్కడ చోటు లేదు అంటూనే మృత్యువు పెద్దపులినీ మేకనీ ఒక పక్కన చేర్చి జోకొట్టి నిద్రపుచ్చుతుంది అంటాడు. నువ్వు చర్చికి వెళ్ళే పిల్లవైతే బైబిల్లో యెషయా గ్రంథం పదకొండో అధ్యాయం వెంటనే గుర్తొస్తుంది, చిరుతపులి మేకపిల్లతో కలిసి పడుకుంటుందని అక్కడ ఉంటుంది. అలా అని ఎగిరి గంతేసి బైబిల్ ప్రభావం అని రాసెయ్యకు. పులీ మేకా ఒకే రేవులో నీళ్ళు తాగడం అన్నది మన కథల్లో మంచి రాజు పాలనకి ఎప్పటినుంచో చెప్పే గుర్తు, వైవా‌లో ఎవరో ఒకరు అది అడక్క మానరు. తేడా ఎక్కడుందంటే మన కథల్లో అవి నీళ్ళు తాగి ఎవరి దారిన అవి పోతాయి, యెషయాలో పక్కపక్కన పడుకుంటాయి, జాషువా పద్యంలో కూడా పక్కపక్కనే పడుకుంటాయి, అయితే యెషయా చెప్పింది రాబోయే మంచిరోజు గురించి, జాషువా ఆ సమానత్వం ఈ దేశంలో శ్మశానంలో తప్ప దొరకదన్నాడు. చిన్నప్పుడు విన్న వాగ్దానం ఇంత చేదుగా మారి బయటికొచ్చిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. అది నా అభిప్రాయం, నీకు వేరేలా అనిపిస్తే అలాగే రాయి, కానీ రెండు సంప్రదాయాలనీ పక్కపక్కన పెట్టి చూపించి అప్పుడు రాయి.

ఇంకొకటి, 'నా కథ'ని పోలీస్ స్టేట్‌మెంట్ లాగా వాడకు. అది పద్యాల్లో రాసుకున్న ఆత్మకథ, ఏం చెప్పాలో ఏం వదలాలో కవి ఎంచుకున్నాడు. ఏ మాట ఏ ఏట రాశాడో పక్కన వేసుకుంటూ వెళ్ళు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు కూడా ముందు పెట్టుకో, ఆయన 1803లో పుట్టి 1890లో పోయారు, తెలుగు క్రైస్తవ పాట ఎలా ఉండేదో అక్కడ తెలుస్తుంది, అప్పుడు జాషువా ఆ దారిలోంచి ఎంత దూరం పద్యం వైపు వచ్చేశాడో కనపడుతుంది. విమర్శ విషయానికొస్తే, పాత విమర్శకులు ఎక్కువగా పద్యం తియ్యదనం మెచ్చుకున్నారు, 1985లో కారంచేడులో దళితుల మీద జరిగిన మారణకాండ తర్వాత దళిత సాహిత్యం ఆయన కోపాన్ని వెలికి తీసింది, కులవ్యవస్థని ఆయన నాలుగు పడగల నాగరాజు అన్నది అప్పుడు అందరి నోటికీ వచ్చింది. విశ్వాసం గురించి మాత్రం ఇద్దరూ పక్కకి జరిపి పోయారు. ఆ ఖాళీ నీది తల్లీ.

ప్రశ్న: అసలు జాషువా చివరికి నాస్తికుడయ్యాడు కదా, మళ్ళీ క్రైస్తవ కవి అని ముద్ర వెయ్యడం ఎందుకు? చర్చి వాళ్ళే ఆయన్ని వెలివేశారని కూడా విన్నాం.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: క్రైస్తవుడై ఉండి పురాణ కథలు రాస్తున్నాడని సొంత మతం పెద్దలే దూరం పెట్టారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెప్తారు. అటు చూస్తే అవధాన సభలో పద్యం చదివితే వీణ్ణి ఎవరు రానిచ్చారు అన్నవాళ్ళు. రెండు గుమ్మాల దగ్గరా ఆగిపోయిన మనిషి. కూతురు హేమలత గారు గోరా గారి అబ్బాయి లవణం గారిని చేసుకున్నారు, విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళ కుటుంబం, అందుకని ఆయన నాస్తికుడన్న మాట గట్టిగా ప్రచారంలో ఉంది. అయితే ఒకటి ఆలోచించండి, గుడినీ చర్చినీ రెండింటినీ నిలదీసిన ఈ మనిషే అరవై దాటాక క్రీస్తు జీవితాన్ని కావ్యంగా రాశాడు. నమ్మకం లేనివాడు అంత కష్టపడడు అని ఒకరు అనొచ్చు, నమ్మకపోయినా క్రీస్తుని ప్రేమించొచ్చు అని ఇంకొకరు అనొచ్చు, ఆయన మనసులోకి దూరి తేల్చే హక్కు మనకెవరికీ లేదు. కులమతాలు గీచుకున్న గీతల్లో చొచ్చి పంజరంలో కట్టుబడను, విశ్వనరుడ నేను అని ఆయనే చెప్పుకున్నాడు. ఫిరదౌసి మీద రాశాడు, ముంతాజ్ మహల్ రాశాడు, గాంధీ మీద రాశాడు, అన్నిట్లోనూ అన్యాయమైపోయిన వాడి పక్కనే నిలబడ్డాడు. ముద్ర వెయ్యొద్దన్న మీ మాట నాకు పూర్తిగా సమ్మతమే, అయితే నాస్తికుడన్న ముద్ర కూడా వెయ్యొద్దు మరి. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు స్వయంగా వంగి ఈయన కాలికి గండపెండేరం, అంటే గొప్ప కవికి గౌరవంగా వేసే అందె, తొడిగారు, అంతటి పండితుడు ఆ రోజు చూసింది కవినే.

ప్రశ్న: మా పిల్లలు ఇక్కడే పుట్టారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. గబ్బిలం వాళ్ళకి ఎలా పరిచయం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: చిన్నయ్య జంగం గారు గబ్బిలాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారమ్మా, 2022లో వచ్చింది, ముందు అది చేతికివ్వండి. కథ తెలిశాక మీరు తెలుగు పద్యం పైకి చదవండి, నెమ్మదిగా, పాదం పాదం. మొదట్లోనే చెప్పులు కుట్టేవాడి గురించి ఒక పద్యం ఉంటుంది, వీణ్ణి పిప్పి చేసిన వాడి పాదమే కందకుండా వీడు చెప్పులు కుడతాడు, ఈ దేశం వీడి సేవకి అప్పుపడింది అంటాడు కవి. అమెరికాలో బానిసల చరిత్ర స్కూల్లో చదువుకునే పిల్లలకి ఆ అప్పు ఏమిటో మీరు విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళు ప్రశ్నలు అడిగితే అవి రాసి ఇక్కడికే పంపండి, ఈ పేజీలోనే వేద్దాం.