కణత్వచం, కణకవచం ఒకటేనా?

సందేహం: "మా పిల్లలు కణత్వచం, కణకవచం అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి రాసేస్తున్నారు. రెండూ పైపొరలే కదా అంటున్నారు. పైగా భౌతికశాస్త్రంలో ఎలక్ట్రానూ కణమే, మా పాఠంలో ఉల్లిపొరలో కనిపించేదీ కణమే. ఇంగ్లీషులో లేని ఈ చిక్కు మనకెందుకు? సెల్ అనే రాసుకుంటే పోదా?" – ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, గాజువాక, విశాఖపట్నం.

సమాధానం: కణం అనే మాటతోనే మొదలుపెడదాం. సంస్కృతంలో 'కణ' శబ్దానికి గింజ, నలుసు, బిందువు అని అర్థాలున్నాయి. ధూళికణం, జలకణం, అగ్నికణం అని మనం అనేది ఆ అర్థాలతోనే. ఇంగ్లీషు మాట పుట్టుక వేరు. 1665లో రాబర్ట్ హుక్ పలుచగా కోసిన బెరడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కనిపించిన ఖాళీ అరలకు 'చిన్న గది' అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు పెట్టాడు. ఆ బెరడులో జీవం లేదు, ఆయనకు కనిపించినవి గోడలు మాత్రమే. అంటే ఇంగ్లీషు పేరు ఖాళీ గదిని చెబుతుంది, మన పేరు అతి చిన్న భాగాన్ని చెబుతుంది. హిందీవారి కోశిక, కన్నడిగుల జీవకోశ గది అర్థానికి దగ్గరగా ఉన్నాయి, మరాఠీవారు పేశి అంటారు. మనకు కోశం నిఘంటువుకీ, పేశి మాంసానికీ ముందే అంకితమయ్యాయి. కాబట్టి కణం అనడంలో లోపమేమీ లేదని నా అభిప్రాయం.

ఇంగ్లీషులో చిక్కు లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. బ్యాటరీలోదీ, జైల్లోదీ, కంప్యూటరు పట్టికలోదీ, మన ఒంట్లోదీ వాళ్లకు ఒకే సెల్. మనం వరుసగా ఘటం, కొట్టు, గడి, కణం అని నాలుగుగా విడదీసుకున్నాం. ఎక్కడైనా పొరపాటుకు తావుందనిపిస్తే జీవకణం అని రాయండి, చాలు. మాట్లాడేటప్పుడు సెల్ అన్నా తప్పులేదు గానీ, ఏకకణజీవి, కణజాలం, కణవిభజన వంటి సమాసాలు ఆ మాటతో ఇంత సాఫీగా కుదరవు.

జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. వానాకాలంలో డెంగీ జ్వరాలు ముసిరినప్పుడు మన ఊళ్లో అందరి నోటా "ప్లేట్‌లెట్ కణాలు పడిపోయాయి" అనే మాట వినిపిస్తుంది. ప్లేట్‌లెట్లు, అంటే రక్తఫలకికలు, పూర్తి జీవకణాలు కావు, ఎముకమజ్జలోని పెద్ద కణాల నుంచి తెగివచ్చిన తునకలు. నలుసు అనే అర్థంలో వాటిని కణాలనవచ్చు, జీవశాస్త్రపు అర్థంలో అనకూడదు.

ఇక అసలు సంగతికి వస్తాను. త్వచం అంటే చర్మం. పంచేంద్రియాల్లో చెప్పే త్వక్కు ఇదే. కవచం చర్మం మీద తొడిగేది. ఈ రెండు పేర్లు ఎంచినవారెవరో గానీ, వారికి భాషా తెలుసు, శాస్త్రమూ తెలుసు. చర్మం లేని ప్రాణి లేనట్టే కణత్వచం లేని జీవకణం ఉండదు. కొవ్వు పదార్థాలతోనూ ప్రోటీన్లతోనూ ఏర్పడిన ఆ పొర, దేన్ని లోపలికి రానివ్వాలో దేన్ని రానివ్వకూడదో నియంత్రిస్తుంది. కవచం అందరికీ ఉండదు. మొక్కల్లో అది సెల్యులోజుతో, శిలీంధ్రాల్లో ముఖ్యంగా కైటిన్‌తో ఏర్పడుతుంది, జంతుకణాలకు అసలే లేదు. త్వచం మందం దాదాపు 7 నుంచి 10 నానోమీటర్లు. మామూలు సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కంటె దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు కాబట్టి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చేదాకా ఆ పొర రూపం ఎవరి కంటా పడలేదు.

అయినా అది కవచం నుంచి వేరని బడిలోనే చూపించవచ్చు. వాల్తేరులో చదువుకునే రోజుల్లో, సైన్సు విద్యార్థిని కాని నాకు ఒక మిత్రుడు చూపించాడు, ఇప్పటికీ మరచిపోలేదు. ఎర్ర ఉల్లిపాయ రేకుకు వెలుపలి వైపున్న ఊదారంగు పొరను ఒలిచి, నీటిచుక్కలో పరిచి చూస్తే, ఇటుకలు పేర్చినట్టున్న అరల నిండా రంగు అంచుల దాకా ఉంటుంది. స్లైడు మీద కవర్‌స్లిప్ పక్కన చిక్కటి ఉప్పునీరు ఒక చుక్క వేసి, అవతలి వైపు నుంచి అద్దుడు కాగితంతో మొదటి నీటిని పీల్చాడు. కొద్ది నిమిషాల్లోనే ఊదారంగు ముందు మూలల నుంచి, తరువాత నాలుగు వైపుల నుంచీ లోపలికి ముడుచుకుని ముద్దగా మారింది. అరల గోడలు మాత్రం కదలలేదు. ఆ నిలిచి ఉన్న గోడ కవచం. ముడుచుకున్న ముద్ద అంచును అంటిపెట్టుకుని వెనక్కి జరిగినది త్వచం. మళ్లీ మంచినీరు అందిస్తే ముద్ద మెల్లగా ఉబ్బి గోడలను తాకింది.

మీ పిల్లలకు ఇది చూపించండి. తరువాత చెంప లోపలి కణాలనూ చూపించి, రెండింటి బొమ్మలూ వేయించండి. చెంపకణానికి వెలుపలి గీత దగ్గర ఎవరైనా కణకవచం అని రాస్తే, దాన్ని భాషాదోషంగా కాక శాస్త్రదోషంగా దిద్దండి. పాఠాల్లో కనిపించే ప్లాస్మాపొర అనే మాట కణత్వచానికి మరో పేరు, దానికి మార్కులు తగ్గించనక్కరలేదు.