మ్యాచ్ రిపోర్టా, భజనా?

రిపోర్ట్‌లో అబద్ధమేమీ లేదు, అయినా ఒక పక్కకి ఒరిగినట్టుంది, ఎలా పట్టుకోవాలి అన్నారు కదా. ముందు క్రియలు చూడండి. నచ్చిన జట్టు గెలిస్తే 'చిత్తు చేసింది', అవతలివాళ్లు గెలిస్తే 'గట్టెక్కారు'. జట్ల పేర్లు తారుమారు చేసి చదవండి, ఎబ్బెట్టుగా ఉంటే పక్షపాతమే. 'దిగ్గజం', 'అద్భుతం' లాంటివన్నీ కొట్టేశాక స్కోరు తప్ప ఏమీ మిగలకపోతే అది వార్త కాదు, ప్రచారం. అంకెల్లోనూ ఏరుకుంటారు, సెంచరీ అని రాసి ఎన్ని బంతులు తిన్నాడో చెప్పరు.

అన్నిటికంటే కష్టం పొగడ్తలో దాగిన పక్షపాతం. 2020లో యూరప్ ఫుట్‌బాల్ కామెంటరీపై వచ్చిన ఓ అధ్యయనంలో, తెల్లటి మేనిఛాయ ఆటగాళ్లని తెలివికి, నల్లటివాళ్లని బలానికి, వేగానికి ఎక్కువ మెచ్చుకున్నట్టు తేలింది. ఇక స్పాన్సర్ పేరు పదేపదే వస్తుంటే నేనైతే చదవడం అక్కడే ఆపేస్తా.