పాత తుపాకీకి చింతపండు పెట్టకండి

ప్రశ్న: పాత తుపాకులంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర చెకుముకి తుపాకీ (చెకుముకి రాయి రాపిడి నిప్పుతో పేలేది) చూశాను. గోడకు తగిలించుకోవాలని ఉంది. మా బావగారేమో "రేటు పెరిగేదైతేనే కొను" అంటున్నారు. పోలీసుల టెన్షన్ కూడా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: మీ బావగారిని బంగారం కొనుక్కోమనండి. రేటు పలకాలంటే గొట్టం, లాక్ (తుపాకీని పేల్చే మర), కర్ర మూడూ మొదటివే అయ్యుండాలి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో కాగితాలుండాలి. అవి మనబోటివాళ్లకు అందవు. ముచ్చటకైతే ఆ బెడద లేదు. నా దగ్గరున్నది గొట్టం అడుగున పగిలిన, ఇక ఎప్పటికీ పేలని కంపెనీ కాలపు మస్కెట్, అంటే సిపాయిల పొడవాటి తుపాకీ. 19వ శతాబ్దంలో ఎవరో చెకుముకి తీసేసి, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు టోపీతో పేలేలా మార్చారు. రంజకం (ముందుగా నిప్పంటుకునే మందు) పోసే పళ్లెం ఊడదీసిన చోట స్క్రూల రంధ్రాలు పూడ్చిన గుర్తులున్నాయి. వ్యాపారి దాన్నే లోపమన్నాడు, నేను కొన్నదే దానికోసం! లాక్ మీద ముద్ర కూడా చూడండి. ఈస్టిండియా కంపెనీ తుపాకులపై మొదట్లో గుండె ఆకారపు గుర్తుండేది, తర్వాత ముందుకాళ్లెత్తిన సింహం వచ్చింది.

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, రిపేరు చేసినా కాల్చలేని పురాతన ఆయుధానికి ఆ చట్టం వర్తించదు. కానీ పాతదైతే చాలనుకోకండి. బాగుచేస్తే పేలుతుందంటే దానికి లైసెన్సు కావాల్సిందే. వ్యాపారి మాట నమ్మకుండా, డబ్బు కట్టకముందే వేపేరి కమిషనర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.

ఇంకో సంగతి. వెనకటి తుపాకుల్లో మందు, గుండు అలాగే ఉండిపోతుంటాయి. ఆ పాతకాలపు తుపాకీ మందు ఏళ్లు గడిచినా చావదు. గొట్టం మూతిని మనుషుల వైపు తిప్పకుండా, పక్కన నిలబడి ఒక సన్నటి చెక్కపుల్లను అడుగుదాకా దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. పుల్లను బయటికి తీసి, ఆ గుర్తును మూతి దగ్గరే ఉంచి, గొట్టం వెంబడి రంజక రంధ్రం (నిప్పు లోపలికి వెళ్లే చిన్న రంధ్రం) దాకా పెట్టి కొలవండి. పుల్ల బాగా పొట్టిపడితే లోపల ఏదో ఉన్నట్టే. మీరు గెలకొద్దు, తెలిసినవాళ్లను పిలవండి.

మన చెన్నై ఉప్పుగాలికి ఇనుము ఇట్టే తుప్పుపడుతుంది. మెత్తటి గుడ్డతో పలచగా నూనె రాయండి, చేతి చెమట అంటనివ్వకండి. గరుకు కాగితం పెట్టి మెరిపిస్తే ముద్రలన్నీ అరిగిపోతాయి. ఇత్తడి భాగాలకు చింతపండు అసలే వద్దు. పండగ ముందు ఇత్తడి సామాను తోమే రోజున మా ఇంట్లో తుపాకీ ఉన్న బీరువా తాళంచెవి నా జేబులోనే ఉంటుంది.