పెరట్లోని మేయర్ నిమ్మ: ముళ్ల కొమ్మలు, పసుపు ఆకులు

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. రెండేళ్ల కిందట పెరట్లో మేయర్ నిమ్మ అంటు నాటాను. ఇప్పుడు మొదట్లోంచి పొడవాటి ముళ్ల కొమ్మలు ఏపుగా లేస్తున్నాయి. పై కొమ్మల్లో లేత ఆకులు పసుపుబారి, పిందె నిలవడం లేదు. ఎరువు పెంచమంటారా?

జవాబు: ఇప్పుడు ఎరువు పెంచితే ఆ ముళ్ల కొమ్మలకే బలం చేరుతుంది కాబట్టి, దయచేసి ఆ పని చేయకండి. మీరు నాటినది రెండు మొక్కల కలయిక. పైది మేయర్ నిమ్మ, అంటే నిమ్మజాతి సంకరం. కింద వేళ్లనిచ్చే మొక్కగా, అంటే వేరుమూలంగా, మన ప్రాంతంలో సాధారణంగా రంగపూర్ నిమ్మనో, జంబేరినో వాడతారు. కాండం మీద కాస్త ఉబ్బుగా, వంకరగా కనిపించే అంటు కట్టును, అంటే రెండు మొక్కలు అతికిన చోటును గుర్తించి, ముళ్ల కొమ్మ మొదలును వేలితో తడుముతూ కిందికి వెళ్లండి. అది కట్టు కింద నుంచి పుట్టిందైతే వేరుమూలానిదే. దాన్ని మోడు మిగలకుండా కాండానికి ఆనించి కోసి, 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం విడివిడిగా కరిగించి లీటరు నీటికి కలిపిన బోర్డో పేస్టును గాయానికి పూయండి. ఇకపై కట్టు కింద వచ్చే చిగుళ్లను లేతగా ఉండగానే బొటనవేలితో గిల్లేస్తే చాలు. కట్టు పైభాగం పూర్తిగా ఎండిపోయి ఉంటే మాత్రం మిగిలింది మేయర్ నిమ్మ కాదు; ఆ మొదలు మీద మళ్లీ మొగ్గ అంటు కట్టించుకోవాలి.

ఇక పసుపు రంగు సంగతి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే ఇనుము లోపం. ఆకులు చిన్నవై, కణుపులు దగ్గరై, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడితే జింకు లోపం. సున్నం శాతం ఎక్కువగా ఉన్న నేలల్లో, ఉప్పు బోరునీటి కింద ఈ రెండూ తరచుగా కలిసే వస్తాయి, ఎందుకంటే పోషకం నేలలో ఉన్నా వేరుకు అందదు. అందువల్ల లీటరు నీటికి జింకు సల్ఫేటు 5 గ్రాములు, ఫెర్రస్, మాంగనీస్, మెగ్నీషియం సల్ఫేట్లు 2 గ్రాముల చొప్పున, బోరాక్స్ 1, సున్నం 6, యూరియా 10 గ్రాములు కలిపి, లేత ఆకులు విచ్చుకున్న దశలో చల్లని పూట పిచికారీ చేయండి. పాత ఆకులపై చల్లితే అంతగా ప్రయోజనం ఉండదు.

నీరు కాండాన్ని తాకకుండా మొదలు చుట్టూ మట్టి ఎగదోసి, దాని వెలుపల వలయంగా పాదు చేయండి. కాండం ఎప్పుడూ తడిగా ఉంటే బంక తెగులు పడుతుంది. పిందె దశలో మాత్రం నేల పూర్తిగా ఆరిపోనివ్వకండి.