ఆడిషన్లకు వెళ్తున్నా పిలుపు రావడం లేదా? అవతలి కుర్చీలో కూర్చుని చూసినవి చెప్తాను

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది: ఏడాదిగా ఆడిషన్లకు తిరుగుతున్నారు, "బాగా చేశారు, చెప్తాం" అంటారు, ఆ తర్వాత ఫోన్ రాదు. లోపం నటనలో ఉందా, పరిచయాలు లేకపోవడం వల్లా, ఇప్పుడు డబ్బు పెట్టి యాక్టింగ్ కోర్సులో చేరాలా?

నేను నాటకాల నుంచి వచ్చాను. సీరియళ్లు, ప్రకటనలు, సినిమాల్లో చిన్నా పెద్దా వేషాలు వేస్తున్నాను. మధ్యలో కొంతకాలం పాత్రలకు నటులను ఎంపిక చేసే ఒక కాస్టింగ్ ఆఫీసులో రీడర్‌గా పనిచేశాను. అంటే ఆడిషన్‌కి వచ్చినవాళ్లకు కెమెరా పక్కన కూర్చుని ఎదుటి పాత్ర డైలాగులు చదవడం నా పని. ఆడిషన్ల గురించి నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ కుర్చీలో నేర్చుకున్నదే.

లోపల కూర్చున్నవాళ్లు మీలో తప్పులు వెతకడానికి కూర్చోరు. షూటింగ్ తేదీ దగ్గర పడుతుంటుంది, పాత్రకు ఇంకా మనిషి దొరకలేదు, డైరెక్టర్ రోజూ అడుగుతుంటాడు. తలుపు తీసుకుని వచ్చే ప్రతి ఒక్కరినీ "ఈ మనిషే అయితే బాగుండు" అనే ఆశతోనే చూస్తారు. బాగా చేసినవాళ్లకు కూడా వేషం రాకపోవడానికి కారణాలు వేరే ఉంటాయి. అప్పటికే ఓకే అయిన తల్లి పాత్రధారి పోలికలు కలవవు, హీరో పక్కన ఎత్తు కుదరదు, తేదీలు కుదరవు, లేదా ఆ సీనే స్క్రిప్టులోంచి ఎగిరిపోతుంది. ఇవేవీ మీకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. అందుకే పిలుపు రాలేదంటే నటన బాగోలేదనే లెక్క వేసుకోవద్దు. అమెరికన్ నటుడు బ్రయాన్ క్రాన్‌స్టన్ చాలా ఇంటర్వ్యూల్లో ఈ మాట చెప్పారు: ఆడిషన్‌కి వెళ్లేది ఉద్యోగం సంపాదించడానికి కాదు, ఆ పాత్రను మీరు ఎలా చేస్తారో చూపించి రావడానికి. అలా ఆలోచించడం మొదలుపెట్టాక తన టెన్షన్ తగ్గిందని కూడా ఆయన అన్నారు. రీడర్ కుర్చీలోంచి చూస్తే ఇది ఎంత నిజమో కనిపిస్తుంది. వేషం కోసం ప్రాధేయపడుతున్న మనిషికీ, పాత్రను చేసి చూపిస్తున్న మనిషికీ తేడా మొదటి డైలాగు లోపే తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. తమ్ముడు ఉద్యోగం మానేసిన సంగతి అక్కకు ఆలస్యంగా తెలుస్తుంది, అదీ సీను. రెండు పేజీలు. తమ్ముడి డైలాగులు నేను చదువుతున్నాను. "నాకెందుకు చెప్పలేదు?" అనే లైను దగ్గరికి వచ్చేసరికి దాదాపు అందరూ గొంతు పెంచారు, చాలామంది కళ్లనీళ్లు కూడా తెచ్చుకున్నారు. ఒకావిడ మాత్రం ఆ లైను ముందు ఆగి నా చేతుల వైపు చూసింది. నేను ఏదో అలవాటుగా పేజీ అంచు మడుస్తున్నాను. ఆవిడ ఆ మడతనే చూస్తూ, తమ్ముడు చిన్నప్పటి నుంచీ అబద్ధం చెప్పేటప్పుడు ఇలాగే చేస్తాడని తెలిసిన అక్కలా, మెల్లగా అడిగింది. నేను తర్వాతి లైను చదవడానికి ఒక్క క్షణం ఆలస్యం చేశాను, ఎందుకంటే నాకు నిజంగానే సమాధానం చెప్పుకోవాలనిపించింది. ఆవిడకు ఆ వేషం రాలేదు. వయసు తేడా కుదరలేదు. కానీ కాస్టింగ్ డైరెక్టర్ ఆవిడ పేరు పక్కన గుర్తు పెట్టుకున్నారు. కొన్ని నెలల తర్వాత ఇంకో ప్రాజెక్టులో లాయర్ పాత్రకు ఆడిషన్ లేకుండానే పిలిచారు. ఆడిషన్ ఫలితం చాలాసార్లు ఇలా వేరే దారిలో వస్తుంది.

ఆవిడ చేసింది రెండే పనులు. ఎదుటి మనిషిని నిజంగా విన్నది, ఆ సీనులో తనకేం కావాలో తేల్చుకుని వచ్చింది. సైడ్స్, అంటే ఆడిషన్ పేజీలు చేతికి రాగానే చాలామంది డైలాగులు బట్టీ పట్టడం మొదలుపెడతారు. దానికంటే ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు రాసుకోండి. నేను ఎవరితో మాట్లాడుతున్నాను? ఈ సీను మొదలవడానికి ఒక్క నిమిషం ముందు ఏం జరిగింది? ఎదుటి మనిషి చేత నేను ఏం చేయించాలనుకుంటున్నాను? ఏ లైను దగ్గర నా ఎత్తుగడ మారుతుంది? మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. "బాధగా చెప్పాలి" అనేది నటించడానికి పనికిరాదు. ఒప్పించడం, బుజ్జగించడం, తప్పించుకోవడం, నిజం కక్కించడం, ఇలాంటివైతే నటించగలరు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌ను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన స్టానిస్లావ్‌స్కీ దగ్గర నుంచి నటన నేర్పేవాళ్లు పాత్రకు ఏం కావాలో ముందు పట్టుకోమని పదేపదే చెప్పేది ఇందుకే.

డైలాగులు నేర్చుకునేటప్పుడు రాగం లేకుండా, చదునుగా నేర్చుకోండి. ఒక పద్ధతిలో పలికి పలికి బట్టీ పడితే ఆ రాగం నోటికి అతుక్కుపోతుంది, ఆ తర్వాత మార్చమన్నా మారదు. ఇది ఎందుకు ముఖ్యమంటే, మీరు ఒకసారి చేశాక కాస్టింగ్ డైరెక్టర్ "ఇంకోసారి చేద్దాం, ఈసారి అతన్ని నవ్వించాలని చూడండి" అనొచ్చు. అప్పుడు చాలామంది ముఖం వాడిపోతుంది, తప్పు చేశామనుకుంటారు. నిజానికి అది మంచి సూచన. నచ్చకపోతే థ్యాంక్స్ చెప్పి పంపేస్తారు గానీ ఇంకో టేక్ కోసం సమయం ఖర్చు పెట్టరు. మీరు సెట్‌లో డైరెక్టర్ మాట విని మారగలరా లేదా అన్నదే వాళ్లు చూస్తున్నారు. కాబట్టి మొదటి టేక్‌కి కాస్త రంగు మార్చినట్టు కాకుండా, తేడా స్పష్టంగా కనిపించేలా మార్చండి. అర్థం కాకపోతే ఒక ప్రశ్న అడగండి, తప్పు లేదు. పేజీ చేతిలో ఉంచుకోవడం కూడా తప్పు కాదు. లైను మరిచిపోతే కళ్లు దించి చూసుకుని, పాత్రలోనే ఉండి కొనసాగించండి. "సారీ, మళ్లీ మొదటి నుంచి" అనడంతోనే సీను చచ్చిపోతుంది.

నాటకం నుంచి వచ్చినవాళ్లయితే ఇంకొక్క మాట. కెమెరా ముందు చివరి వరుసకు వినిపించాల్సిన పని లేదు. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అంత గొంతు చాలు.

ఇప్పుడు మొదటి రౌండు ఎక్కువగా సెల్ఫ్ టేపే, అంటే ఇంట్లో మీరే తీసి పంపే ఆడిషన్ వీడియోనే కాబట్టి దాని గురించి కాస్త వివరంగా రాస్తాను. ఫోన్‌ను అడ్డంగా, మీ కళ్ల ఎత్తులో స్టాండు మీద పెట్టండి (నిలువుగా కావాలని అడిగితే తప్ప). ఫ్రేములో ఛాతీ నుంచి పైకి కనిపిస్తే చాలు. వెనక ఏ బొమ్మలూ లేని గోడ, గోడకు కాస్త దూరంగా మీరు, లేకపోతే నీడ పడుతుంది. కిటికీ వెలుతురు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. ఖాళీ గదిలో గొంతు మోగుతుంది, దుప్పట్లు, కర్టెన్లు ఉన్న గది మేలు. ఫ్యాన్ ఆపేయండి. రీడర్‌ను కెమెరాకు ఆనుకుని నిలబెట్టండి, మీ చూపు లెన్స్ పక్కనే ఉండాలి. రీడర్ దూరంగా ఉంటే మీ ముఖం సగమే కనిపిస్తుంది, కళ్లు కనిపించవు. కళ్లు కనిపించకపోతే ఆ టేపు ఎందుకూ పనికిరాదు. అడిగితే తప్ప లెన్స్‌లోకి నేరుగా చూడొద్దు. రీడర్ ఫోన్‌కి దగ్గరగా ఉంటారు కాబట్టి తగ్గించి చదవమనండి, లేకపోతే టేపంతా వాళ్ల గొంతే వినిపిస్తుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే మిత్రుణ్ని వీడియో కాల్‌లో పెట్టుకోండి, కానీ ఎదుటి పాత్ర డైలాగులు మీరే రికార్డు చేసుకుని వాటితో చేయొద్దు. అందులో వినడానికి ఏమీ మిగలదు.

టేపు తీశాక ఒకసారి సౌండ్ లేకుండా చూడండి. ఎదుటి మనిషి మాట్లాడుతున్నప్పుడు మీ ముఖంలో ఆలోచన కదులుతోందా, లేక మీ వంతు కోసం ఎదురుచూస్తున్నారా, ఇట్టే తెలిసిపోతుంది. టేకులు చేసుకుంటూ పోవద్దు. కొన్నిటి తర్వాత బాగుపడేది ఉచ్చారణే, ప్రాణం మాత్రం పోతుంది. ఫైలు పేరు ఎలా పెట్టమన్నారు, స్లేట్‌లో, అంటే టేపులో మిమ్మల్ని మీరు పరిచయం చేసుకునే ముక్కలో ఏం చెప్పమన్నారు, ఎప్పటిలోగా పంపమన్నారు, అవి అక్షరం పొల్లు పోకుండా పాటించండి. పేరు లేని ఫైలు వందల ఫైళ్ల మధ్య ఎవరిదో కూడా తెలియకుండా పోతుంది, నేను కళ్లారా చూశాను.

ఫొటోల విషయంలో నా అభిప్రాయం గట్టిది: తలుపు తీసుకుని వచ్చే మనిషి ఫొటోలో ఉన్న మనిషిలాగే ఉండాలి. చర్మం నునుపు చేసి, రంగు పెంచిన ఫొటో చూసి పిలిచినవాళ్లు మీరు ఎదురుగా నిలబడగానే నిరాశపడతారు, అదీ మీ తప్పేమీ లేకుండా. షో రీల్, అంటే మీరు చేసిన సీన్లు కలిపిన వీడియో, ఒకటి రెండు నిమిషాలు చాలు. మీరు బాగా చేసిన సీను మొదటే రావాలి, పాటలు పెట్టి ముక్కలు కలిపిన మాంటేజ్ వద్దు. ప్రొఫైల్‌లో ఈత, బైక్, గుర్రపు స్వారీ అని రాసేముందు నిజంగా వచ్చా అని చూసుకోండి. వచ్చని నమ్మి సెట్‌కి పిలుస్తారు.

పరిచయాల సంగతి. పరిచయాలు పనిచేస్తాయి, కాదనను. కానీ నిలబడే పరిచయాలు పని చేస్తుండగా ఏర్పడేవే. సినిమా విద్యార్థుల డిప్లొమా ఫిల్ములు, షార్ట్ ఫిల్ములు, నాటకాలు, ఏది దొరికితే అది చేయండి. అక్కడ క్లాప్ కొట్టిన కుర్రాడే రేపు అసిస్టెంట్ డైరెక్టర్ అవుతాడు, మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు. కాల్ టైంకి, అంటే రమ్మన్న వేళకు రావడం, కెమెరా కోసం నేల మీద పెట్టిన మార్క్ మీద నిలబడడం, ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తారో తర్వాతి టేకులోనూ అక్కడే ఎత్తడం, ఇవి చేయగలిగిన నటుణ్ని యూనిట్ వదులుకోదు. ఆడిషన్ గది బయట రిజిస్టర్ రాసే అమ్మాయితో మీరు ఎలా మాట్లాడారో కూడా లోపలికి తెలుస్తుంది. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి: ఏ తేదీన ఏ పాత్రకు వెళ్లారు, ఎవరు చూశారు, ఏం మార్చమన్నారు, ఏ బట్టలు వేసుకున్నారు. కాల్‌బ్యాక్, అంటే మళ్లీ రమ్మని పిలుపు వస్తే అవే బట్టల్లో వెళ్లడం మంచిది, వాళ్లకు మీరు గుర్తున్నది ఆ రూపంలోనే. కాస్టింగ్ వాళ్లకు మెసేజ్ పెట్టాలంటే కొత్త పని ఏదైనా బయటికి వచ్చినప్పుడు పెట్టండి. రోజూ గుడ్ మార్నింగ్‌లు వద్దు. ఇంటి ఖర్చులకు, వేళలు మార్చుకోగలిగే ఏదో ఒక పని చేతిలో ఉంచుకోండి. అద్దె టెన్షన్‌తో గదిలోకి వెళ్తే అది కళ్లలో కనిపిస్తుంది, పాత్ర కనిపించదు.

మోసాల గురించి ఒక్క మాటైనా చెప్పకుండా ఉండలేను. ఆడిషన్‌కి, రిజిస్ట్రేషన్‌కి, "ఆర్టిస్ట్ కార్డు"కి ముందు డబ్బు అడిగితే అక్కణ్నుంచి వచ్చేయండి. ఏజెంటు లేదా మేనేజరు తీసుకునేది మీకు పని వచ్చి డబ్బు అందాక అందులో వాటా, అంతకుముందు కాదు. ఫలానా ఫొటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియో తీయించుకోవాలని పట్టుబట్టినా అనుమానించండి. హోటల్ గదికో, ఎవరి ఇంటికో ఒంటరిగా రమ్మంటే వెళ్లొద్దు. అమెరికా నటుల యూనియన్ సాగ్-ఆఫ్ట్రా 2018లో ఇలాంటి చోట్ల ఆడిషన్లు పెట్టొద్దని ప్రత్యేకంగా మార్గదర్శకం ఇచ్చిందంటే ఈ సమస్య ఎంత పాతదో ఊహించండి. తోడు ఎవరినైనా తీసుకెళ్తానంటే అభ్యంతరం చెప్పేచోట మీకు కావాల్సింది ఏదీ ఉండదు.

ఇక కోర్సు. ఏడాదిగా తిరుగుతూ కూడా పైన చెప్పినట్టు ఎవరితోనూ కూర్చుని సీను మీద పని చేయలేదంటే చేరండి, ఉపయోగం ఉంటుంది. అయితే డబ్బు కట్టేముందు ఒక క్లాసు కూర్చుని చూస్తామని అడగండి. ప్రతి విద్యార్థీ లేచి చేస్తున్నాడా, లేక గురువుగారు మాత్రమే మాట్లాడుతున్నారా? చేసిన దాన్ని కెమెరాలో తీసి చూపిస్తున్నారా? అమెరికన్ నటనా గురువు శాన్‌ఫర్డ్ మైస్నర్ పద్ధతిలోలాగా ఎదుటి మనిషిని వినడం మీద అభ్యాసాలు ఉన్నాయా, లేక ఏకపాత్రలు, ఏడుపు సీన్లతోనే సరిపెడుతున్నారా? కోర్సు అయ్యాక సినిమాలో వేషం గ్యారంటీ అంటే మాత్రం చేరొద్దు, ఆ మాట ఇవ్వగలిగే అధికారం ఏ స్కూలుకూ ఉండదు. ఫీజు భరించలేని పరిస్థితి అయితే, మీలాగే ఆడిషన్లకు తిరిగే ముగ్గురు నలుగురు కలిసి వారానికోసారి ఒకరి సైడ్స్ ఒకరు చదివి, ఫోన్‌లో తీసుకుని చూసుకోండి. అందులో రీడర్ వంతు కూడా శ్రద్ధగా తీసుకోండి, ఎదుటివాళ్లు ఎక్కడ నిజంగా విన్నారో, ఎక్కడ నటించారో అక్కడి నుంచే బాగా తెలుస్తుంది.